బీజగణితంలో సున్నాతో భాగహారం: ఎక్కడ విఫలమవుతుంది, ఎలా పసిగట్టాలి

సున్నాతో ఎందుకు భాగించకూడదని పదో తరగతి విద్యార్థిని అడిగితే కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా సాధారణంగా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. ‘భాగించకూడదని సారు చెప్పారు’ అనేది మొదటిది, ‘భాగిస్తే అనంతం వస్తుంది’ అనేది రెండవది. మొదటిది కారణం కాదు, రెండవది నిజం కాదు. పై తరగతుల్లో మార్కులు పోయేది 7 ÷ 0 అని నేరుగా రాసినందువల్ల కాదు, అలా ఎవరూ రాయరు. అక్షరాల చాటున ఉన్న సున్నాను గమనించకుండా ఇరువైపులా కొట్టివేయడం వల్లనే పోతాయి. అందువల్ల ముందు కారణాన్ని పునాది నుంచి చూసి, ఆ తర్వాత సమీకరణాల్లో, రేఖల్లో, భిన్నాల్లో, చివరకు కంప్యూటరు పట్టికల్లో ఆ సున్నాను ఎలా పట్టుకోవాలో చూద్దాం.

తరగతి గదిలో ఎక్స్, వై అని రాసే చరరాశులను ఇక్కడ య, క వంటి తెలుగు అక్షరాలతో రాస్తున్నాను. మన పాత బీజగణితంలో తెలియని రాశిని ‘యావత్తావత్’ అని, క్లుప్తంగా ‘యా’ అని రాసేవారు కాబట్టి ఇది మరీ కొత్త పద్ధతేమీ కాదు.

మొదటి మెట్టు: భాగహారాన్ని ప్రశ్నగా మార్చుకోవాలి

భాగహారమంటే సమంగా పంచడమని చిన్న తరగతుల్లో నేర్పుతాం. 12 వేరుశనగ కాయలను నలుగురికి పంచడం వరకు అది చక్కగా పనిచేస్తుంది కానీ, 12ను −4తో గానీ 2/3తో గానీ భాగించవలసి వచ్చేసరికే ఆ భావన చాలదు. ‘ఎవరూ లేని చోట పంచితే ఒక్కొక్కరికి ఎంత?’ అంటూ దానినే సున్నా దాకా లాగితే చర్చ ఎటూ తేలదు. అందుకని భాగహారాన్ని గుణకారానికి ఎదురు ప్రశ్నగా చదవడం అలవాటు చేసుకోవాలి. 12 ÷ 4 అంటే ‘ఏ సంఖ్యను 4తో గుణిస్తే 12 వస్తుంది?’ అని అర్థం. 3 ఒక్కటే ఆ పని చేయగలదు కాబట్టి భాగఫలం 3 అని ధైర్యంగా రాస్తాం. సమాధానం ఉండాలి, అది ఒక్కటే అయి ఉండాలి. ఈ రెండు షరతులూ నెరవేరినప్పుడే భాగఫలం అనే మాటకు అర్థం ఉంటుంది.

ఇప్పుడు 12 ÷ 0 తీసుకుంటే ‘ఏ సంఖ్యను సున్నాతో గుణిస్తే 12 వస్తుంది?’ అనే ప్రశ్న మిగులుతుంది. ఏ సంఖ్యను గుణించినా సున్నాయే వస్తుంది కాబట్టి దీనికి సమాధానమే లేదు. 0 ÷ 0 తీసుకుంటే ‘ఏ సంఖ్యను సున్నాతో గుణిస్తే సున్నా వస్తుంది?’ అని అడిగినట్టు. దీనికి 5, −8, 1/3 ఏదైనా సమాధానమే. మొదటి సందర్భంలో సమాధానం లేకపోవడం, రెండవ సందర్భంలో లెక్కలేనన్ని సమాధానాలు ఉండడం అనేవి రెండు వేర్వేరు వైఫల్యాలు. పాఠ్యపుస్తకాలు రెంటినీ ‘నిర్వచితం కాదు’ అనే ఒకే మాటతో ముగించడం వల్ల ఈ తేడా విద్యార్థికి కనబడకుండా పోతుంది. నా దృష్టిలో అధ్యాయమంతటికీ కీలకం ఈ తేడాయే. కింద వచ్చే ప్రతి ఉదాహరణలోనూ ఇది మళ్లీ కనిపిస్తుంది.

కర్నూలు నుంచి అనంతపురానికి రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. కర్నూలు బస్టాండులో గంటకు 0 కిలోమీటర్ల వేగంతో, అంటే కదలకుండా, నిలిచిన బస్సు అనంతపురం చేరడానికి ఎన్ని గంటలు పడుతుందని అడిగితే దానికి జవాబైన గంటల సంఖ్య లేదు. అదే బస్సు ‘0 కిలోమీటర్ల దూరం వెళ్లడానికి’ ఎన్ని గంటలు తీసుకుందని అడిగితే ఒక గంట అన్నా, పది గంటలన్నా తప్పని చెప్పలేం. మొదటిది 150 ÷ 0, రెండవది 0 ÷ 0.

ఏ సంఖ్యనైనా సున్నాతో గుణిస్తే సున్నాయే ఎందుకు రావాలి అని అడిగే విద్యార్థి ఉంటే సంతోషించి, విభాగ న్యాయాన్ని చూపించాలి. 0 = 0 + 0 కాబట్టి, య × 0 = య × (0 + 0) = య × 0 + య × 0. ఇరువైపుల నుంచి ఒక య × 0ను తీసివేస్తే 0 = య × 0 మిగులుతుంది. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, కూడికనూ గుణకారాన్నీ కలిపే న్యాయం నుంచి తప్పనిసరిగా వచ్చే ఫలితం.

రెండవ మెట్టు: కొత్త సంఖ్యను ఎందుకు చేర్చుకోలేమో చూడాలి

తెలివైన విద్యార్థి ఇక్కడ ఆగడు. −1కి వర్గమూలం లేదన్నారు, తర్వాత ఒక కల్పిత సంఖ్యను చేర్చుకుని సంకీర్ణ సంఖ్యలన్నారు, 1 ÷ 0కు కూడా అలాగే ఒక కొత్త గుర్తు పెట్టుకోవచ్చు కదా అంటాడు. న్యాయమైన ప్రశ్నే, కాబట్టి పెట్టి చూద్దాం. 1 ÷ 0 = వ అనుకుంటే 0 × వ = 1 కావాలి. అప్పుడు (0 + 0) × వ = 0 × వ + 0 × వ = 1 + 1 = 2 అవుతుంది. కానీ 0 + 0 అంటే 0 కనుక ఎడమవైపు విలువ 1. అంటే 1 = 2, ఇరువైపులా 1 తీసివేస్తే 0 = 1. ఆ తర్వాత ఏ సంఖ్యతో గుణించినా అది సున్నాకు సమానమని తేలుతుంది. సున్నా ఒక్కటే సభ్యుడుగా ఉన్న సంఖ్యా వ్యవస్థలో మాత్రమే సున్నాతో భాగహారం ఇబ్బంది లేకుండా సాగుతుంది, కానీ అక్కడ లెక్కించడానికి ఇంకేమీ మిగలదు.

కల్పిత సంఖ్యను చేర్చుకున్నప్పుడు మనం కోల్పోయింది పెద్దది, చిన్నది అనే క్రమాన్ని మాత్రమే. కూడిక, గుణకారాల న్యాయాలు చెక్కుచెదరలేదు. ఇక్కడ పోయేవి ఆ న్యాయాలే. సంకీర్ణ విశ్లేషణలో, సంకీర్ణ సంఖ్యలను ఒక గోళం మీది బిందువులుగా చూపే రీమాన్ గోళం మీద ‘అనంతం’ అనే ఒక బిందువును చేర్చి 1/0 = ∞ అని రాసే పద్ధతి నిజంగానే ఉంది. అయితే అక్కడ కూడా 0 × ∞, ∞ + ∞, 0/0లను నిర్వచించకుండా వదిలేస్తారు. బీజగణిత సూత్రాలను ఆ ∞ మీద యథేచ్ఛగా ప్రయోగించడానికి వీలు లేదన్నమాట.

మూడవ మెట్టు: పూర్వీకుల సమాధానాలను అదే ప్రశ్నతో పరీక్షించాలి

సున్నాతో చేసే లెక్కలకు నియమాలు రాసిన బ్రహ్మగుప్తుడు 628లో 0 ÷ 0 = 0 అన్నాడు. ఇతర సంఖ్యలను సున్నాతో భాగిస్తే హారంలో సున్నా ఉన్న భిన్నంగానే ఉంచమన్నాడు. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు సున్నాతో భాగించిన రాశి మారకుండా ఉంటుందన్నాడు. ఆయన గణిత సార సంగ్రహాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మొదటి మెట్టులోని ఎదురు ప్రశ్నను ఈ రెంటికీ వేసి చూడాలి. మహావీరుడి ప్రకారం 12 ÷ 0 = 12 అయితే 12 × 0 = 12 కావలసి వస్తుంది కాబట్టి అది నిలవదు. బ్రహ్మగుప్తుడి 0 ÷ 0 = 0 మాత్రం పరీక్షలో నెగ్గుతుంది, ఎందుకంటే 0 × 0 = 0. కానీ 7 కూడా అదే పరీక్షలో నెగ్గుతుంది కనుక సున్నానే ఎంచుకోవడానికి ఆధారం లేదు.

భాస్కరాచార్యుడు సున్నా హారంగా గల రాశిని ఖహరం అన్నాడు. సృష్టి ప్రళయ కాలాల్లో ఎన్ని జీవులు వెలువడినా, లీనమైనా అచ్యుతుడిలో మార్పు లేనట్టే ఆ రాశికి ఏమి కలిపినా, ఏమి తీసినా మార్పు రాదని వర్ణించాడు. ఆ ఉపమానం ప్రసిద్ధమే కానీ, ఆయన గణిత గ్రంథం లీలావతిలోని ఒక లెక్క అంతకంటే విలువైనదని నాకు అనిపిస్తుంది. ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి అందులో సగం కలిపి, 3తో గుణించి, సున్నాతో భాగిస్తే 63 వచ్చింది, ఆ సంఖ్య ఏది అని అడిగి, జవాబు 14 అంటాడు. ఇంకా చేయవలసిన క్రియలు ఉన్నప్పుడు సున్నాను తొందరపడి ప్రతిక్షేపించకుండా గుణకంగానే ఉంచుకోవాలన్నది ఆయన నియమం. నేటి భాషలో చెప్పాలంటే, సున్నా స్థానంలో సున్నా కాని ఒక చిన్న రాశి ‘చ’ను పెడితే 3 × (యచ + యచ/2) ÷ చ = 9య/2 అవుతుంది. చ ఎంత చిన్నదైనా ఈ విలువ మారదు కాబట్టి 9య/2 = 63, య = 14. చ సరిగ్గా సున్నా అయితే మాత్రం అది 0 ÷ 0, అక్కడ 14కు ప్రత్యేక హక్కేమీ లేదు. 1150లో రాసిన ఈ లెక్కలో, ఏడవ మెట్టులో మనం చూడబోయే అవధి అనే భావన ఇంకా పేరు పెట్టుకోకుండానే కూర్చుని ఉంది.

నాలుగవ మెట్టు: మారువేషంలోని సున్నాను పట్టుకోవాలి

ఇక అసలు పని మొదలవుతుంది. య = 3 అనుకుందాం. ఇరువైపులా యతో గుణిస్తే య² = 3య. ఇరువైపుల నుంచి 9 తీసివేస్తే య² − 9 = 3య − 9. కారణాంకాలుగా రాస్తే (య − 3)(య + 3) = 3(య − 3). ఉమ్మడి కారణాంకం (య − 3)ను కొట్టివేస్తే య + 3 = 3, అంటే య = 0. మొదట మూడు అనుకున్నది చివరకు సున్నా అయింది.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి మేధస్సు అక్కర్లేదు, ఓపిక చాలు. ప్రతి వరుసలోనూ య స్థానంలో 3 పెట్టి చూడాలి. మొదటి వరుస 3 = 3, రెండవది 9 = 9, మూడవది 0 = 0, నాలుగవది 0 × 6 = 3 × 0. ఇంతవరకు అన్నీ నిజాలే. ఐదవ వరుస 6 = 3. కాబట్టి నాలుగవ వరుసకూ ఐదవ వరుసకూ మధ్యనే తప్పు జరిగింది, అక్కడ మనం చేసిన పని (య − 3)తో, అంటే సున్నాతో, భాగించడం. 0 × 6 = 0 × 3 అన్నది నిజమే కానీ, దాని నుంచి 6 = 3 అని తేల్చలేం. 1 = 2 అని నిరూపించే వినోదపు లెక్కలు చాలావరకు ఈ పద్ధతికి దొరికిపోతాయి.

కొట్టివేయడం అనే మాటను తరగతిలో మరీ తేలికగా వాడేస్తున్నామేమో అని నాకు తరచూ అనిపిస్తుంది. అది రాతలో ఒక గీత మాత్రమే కాదు, ఒక భాగహారం. గీత కొట్టిన ప్రతిసారీ పక్కనే ‘య ≠ 3’ అని చిన్నగా రాసే అలవాటును ఎనిమిదో తరగతిలోనే చేయిస్తే, ఇంటర్‌కు వెళ్లిన తర్వాత చాలా శ్రమ తగ్గుతుంది.

ఐదవ మెట్టు: పోయే మూలాలు, వచ్చి చేరే మూలాలు

అన్ని తప్పులూ 6 = 3 వంటి వింత ఫలితంతో తమను తాము బయటపెట్టుకోవు. య² = 5య అనే సమీకరణాన్ని యతో భాగించి య = 5 అని రాస్తే, వచ్చిన సమాధానం సరైనదే కనుక ఎవరికీ అనుమానం రాదు. కానీ య = 0 కూడా దీనికి మూలమే, అది నిశ్శబ్దంగా పోయింది. భాగించడానికి బదులు అన్ని పదాలనూ ఒకవైపుకు తెచ్చి య(య − 5) = 0 అని రాసి, లబ్ధం సున్నా అయితే ఏదో ఒక కారణాంకం సున్నా కావాలి అనే న్యాయంతో రెండు మూలాలనూ తీసుకోవాలి. (య − 2)(య + 1) = 4(య − 2)లో కూడా అంతే. కొట్టివేయాలని చేయి లాగితే ముందుగా సందర్భాలను విడదీయాలి. య = 2 అయితే ఇరువైపులా సున్నా కాబట్టి అది ఒక మూలం, య ≠ 2 అయితే భాగించవచ్చు కాబట్టి య + 1 = 4 నుంచి య = 3 మరొక మూలం.

దీనికి విరుద్ధమైన ప్రమాదం హారంలో చరరాశి ఉన్నప్పుడు వస్తుంది. య/(య − 4) = 4/(య − 4) + 2 తీసుకుని, ఇరువైపులా (య − 4)తో గుణిస్తే య = 4 + 2య − 8, అంటే య = 4 వస్తుంది. అడుగులన్నీ సక్రమంగానే ఉన్నట్టు కనిపిస్తాయి కానీ, య = 4 దగ్గర అసలు సమీకరణంలోని హారాలు సున్నా అవుతాయి. కాబట్టి అది మూలం కాదు, ఈ సమీకరణానికి సాధనే లేదు. 4/(య − 4)ను ఎడమవైపుకు తెస్తే (య − 4)/(య − 4) = 2 అవుతుంది, య ≠ 4 అయిన ప్రతిచోటా అది 1 = 2 అనే అసత్యమే. హారాలను తొలగించక ముందే ‘య ≠ 4’ అని రాసి పెట్టుకున్న విద్యార్థి చివరి వరుసలో ఆ నిషేధాన్ని చూసి ఆగుతాడు, రాయనివాడు బాక్సు కట్టి ముందుకు పోతాడు.

ఆరవ మెట్టు: గుణకమే అక్షరమైతే మూడు దారులు

కయ = గ అనే సమీకరణానికి య = గ/క అని వెంటనే రాయడం మూడింట ఒక దారిని మాత్రమే చూడడం. క ≠ 0 అయితే అదే సాధన, క = 0, గ ≠ 0 అయితే సాధన లేదు, క = 0, గ = 0 అయితే ప్రతి సంఖ్యా సాధనే. ఉదాహరణకు (మ − 2)య = మ² − 4లో మ = 2 అయితే ప్రతి సంఖ్యా సాధన అవుతుంది, కుడివైపు మ + 2 ఉండి ఉంటే మ = 2 దగ్గర సాధన ఉండేది కాదు. మొదటి మెట్టులోని రెండు వైఫల్యాలే ఇక్కడ మళ్లీ ఎదురయ్యాయి.

రేఖాగణితంలోనూ వాటినే చూస్తాం. (4, 1), (4, 7) బిందువుల గుండా పోయే రేఖ వాలును 6 ÷ 0 అని రాయవలసి వస్తుంది, అది నిలువు రేఖ కనుక దాని వాలుగా చెప్పదగిన సంఖ్య లేదు. సమీకరణం మాత్రం య = 4 అని హాయిగా రాయవచ్చు. రెండు బిందువులూ (4, 1) అయితే వాలు 0 ÷ 0 అవుతుంది, ఒకే బిందువు గుండా ఎన్ని రేఖలనైనా గీయవచ్చు కదా. లంబ రేఖల వాలుల లబ్ధం −1 అనే సూత్రం నిలువు, అడ్డు రేఖల జంటకు ఎందుకు వర్తించదో కూడా దీనితో తేలిపోతుంది.

పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జతను గుణకాల నిష్పత్తులతో పోల్చే పరీక్ష ఉంది. య = 3, య = 5 అనే రెండు సమాంతర రేఖలకు దానిని వర్తింపజేస్తే రెండవ చరరాశి గుణకాల నిష్పత్తి 0/0 అవుతుంది. నిష్పత్తులకు బదులు అడ్డగుణకారం చేసి లబ్ధాలను పోల్చితే ఈ చిక్కు రాదు. మొదటి గుణకాలను రెండవ గుణకాలతో అడ్డంగా గుణిస్తే 1 × 0 = 1 × 0 కాబట్టి వాటి దిశలు ఒకటే.

ఇంటర్ విద్యార్థులను మరీ తికమకపెట్టేది త్రిపరిమాణ రేఖ సమీకరణం. (య − 1)/2 = (క − 3)/0 = గ/5 అని పుస్తకంలోనే సున్నాను హారంగా అచ్చు వేస్తే, ఇన్నాళ్లూ వద్దన్నది ఇక్కడ ఎలా చెల్లిందని వారు అడగడంలో తప్పు లేదు. అక్కడ జరుగుతున్నది భాగహారం కాదు, అది ఒక రాత సంప్రదాయం మాత్రమే. య − 1 = 2త, క − 3 = 0 × త, గ = 5త అని దానిని చదవాలి, ఇక్కడ త ఏ సంఖ్యైనా కావచ్చు. అంటే ఆ రేఖ మీద ప్రతి బిందువుకూ క = 3 అన్నమాట.

ఏడవ మెట్టు: దగ్గరికి వెళ్లడం వేరు, అక్కడ ఉండడం వేరు

(య² − 9)/(య − 3)ను సూక్ష్మీకరిస్తే య + 3 వస్తుంది. అయితే ఈ రెండూ అచ్చంగా ఒకే ప్రమేయం కావు. య = 3.1 వద్ద రెంటి విలువా 6.1, య = 2.99 వద్ద రెంటి విలువా 5.99. య = 3 వద్ద మాత్రం య + 3 విలువ 6 కాగా, మొదటిదానికి విలువే లేదు. దాని రేఖాచిత్రం (3, 6) దగ్గర ఒక చిల్లు ఉన్న సరళరేఖ. యను 3కు ఎంత చేరువకు తెస్తే విలువ 6కు అంత చేరువవుతుంది కాబట్టి అవధి 6 అంటాం. అవధి అంటే ఆ బిందువు దగ్గరి విలువ కాదు, ఆ బిందువు చుట్టూ ఉన్న విలువలు ఎటు పోతున్నాయన్న సమాచారం.

0/0 రూపంలో కనిపించే వాటి అవధులు ఒక్కటిగా ఉండవు. యను సున్నాకు చేర్చినప్పుడు 2య/య అవధి 2, య²/య అవధి 0. అందుకే ఇంటర్‌లో 0/0ను అనిర్ధారిత రూపం అంటారు. సున్నా కాని సంఖ్య పైన ఉంటే కథ వేరు. 1/య విలువ కుడివైపు నుంచి వస్తే ధనంగా హద్దు లేకుండా పెరుగుతుంది, ఎడమవైపు నుంచి వస్తే రుణంగా హద్దు లేకుండా తగ్గుతుంది. టాన్ 89° విలువ సుమారు 57.29, టాన్ 91° విలువ సుమారు −57.29. మధ్యలోని 90° వద్ద +∞ రాయాలా, −∞ రాయాలా అన్నది తేలదు కాబట్టే త్రికోణమితి పట్టికలో అక్కడ ‘నిర్వచితం కాదు’ అని ఉంటుంది. ఆ గడిలో ∞ అని రాసే అలవాటును మాన్పించాలి.

ఎనిమిదవ మెట్టు: కంప్యూటరు పట్టికల్లో జాగ్రత్త

దశాంశ సంఖ్యల కోసం ఐఇఇఇ అనే ఇంజనీర్ల సంస్థ తరఫున 1985లో రూపొందిన ఐఇఇఇ 754 ప్రమాణం ప్రకారం కంప్యూటరులో 1/0కు ‘అనంతం’ అనీ, 0/0కు ‘సంఖ్య కాదు’ అనీ వేర్వేరు గుర్తులు ఉన్నాయి. రెండు వైఫల్యాలను యంత్రం కూడా వేరు చేసి చూస్తుందన్నమాట. పూర్ణాంకాల భాగహారంలో మాత్రం చాలా ప్రోగ్రాములు అక్కడికక్కడే ఆగిపోతాయి. 1997 సెప్టెంబరులో అమెరికా నౌకాదళానికి చెందిన యార్క్‌టౌన్ నౌకలో సిబ్బంది ఒకరు ఒక గడిలో సున్నా నమోదు చేయడంతో, దానితో భాగించబోయిన వ్యవస్థ కుప్పకూలి, నౌక రెండు గంటలకు పైగా సముద్రంలో నిలిచిపోయింది.

మన దగ్గర ఇంత నాటకీయంగా జరగకపోయినా పట్టికల్లో తప్పు నివేదికలు తయారవుతుంటాయి. శీతకాలంలో చినుకు పడని మండలాలు అనంతపురం ప్రాంతంలో అరుదు కాదు. ఒక మండలంలో గత జనవరిలో 0 మి.మీ., ఈ జనవరిలో 12 మి.మీ. వాన కురిసిందనుకుంటే పెరుగుదల శాతాన్ని 12 ÷ 0 నుంచి తీయాలి. దానికి సమాధానం లేదు కాబట్టి ‘వంద శాతం పెరిగింది’ అని రాయడం తప్పు, ‘0 నుంచి 12 మి.మీ.కు’ అని రాస్తే సరిపోతుంది.

వేరుశనగ దిగుబడి లెక్కలో ఈ తేడా ఇంకా బరువైనది. 5 ఎకరాల్లో విత్తి, వాన లేక ఏమీ రాకపోతే సగటు దిగుబడి 0 ÷ 5, అంటే ఎకరానికి సున్నా. అది నిజమైన సంఖ్య, నిజమైన నష్టం. అసలు విత్తనమే పడక నేల బీడుగా ఉండిపోతే సగటు 0 ÷ 0, దానికి సంఖ్య లేదు. పట్టికలో హెచ్చరిక కనిపించకూడదని ఆ గడిలో సున్నా వేసేస్తే రెండు వేర్వేరు పరిస్థితులు ఒకేలా కనిపిస్తాయి. మూడు గ్రామాల్లో ఒకదానిలో ఎకరానికి 6 క్వింటాళ్లు, మరొకదానిలో 4 క్వింటాళ్లు వచ్చి, మూడవదానిలో ఎవరూ విత్తలేదనుకుందాం. ఆ గడిలో సున్నా ఉంటే మూడింటి సగటు 3.33కు పడిపోతుంది, ఖాళీగా వదిలితే సగటు 5గా ఉంటుంది. కాబట్టి విత్తిన విస్తీర్ణం సున్నా అయితే గడిని ఖాళీగా ఉంచమని సూత్రంలోనే ఒక షరతు పెట్టాలి. అంతకంటే మేలైన పద్ధతి గ్రామాల సగటులకు మళ్లీ సగటు తీయకుండా మొత్తం దిగుబడిని మొత్తం విస్తీర్ణంతో ఒక్కసారే భాగించడం. అప్పుడు బీడు పడిన గ్రామం పైన సున్నాగా, కింద సున్నాగా కలిసి ఫలితాన్ని ఏమాత్రం కదిలించదు, ఒక్క గ్రామంలోనైనా విత్తనం పడి ఉన్నంత వరకు హారమూ సున్నా కాదు.